బంగారం అమ్మేవాళ్ళ లైన్లో

షేరు అమ్మడానికి నాకెప్పుడూ మనసు అడ్డు రాలేదు. సోమవారం కొన్నదాన్ని గురువారానికి వదిలించుకునేవాణ్ణి. లాభం వస్తే సంతోషం, నష్టం వస్తే ఆ కంపెనీ పేరు ఇంట్లో ఎత్తకపోవడం. అంతకుమించి షేర్లతో నాకు చుట్టరికం ఉండేది కాదు. డెబ్బైల చివర్లో మేం సన్నీవేల్‌లో ఉండేవాళ్ళం. అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీసుకి వెళ్ళే దారిలో ఒక గ్యాస్ స్టేషన్, దాని గోడకి ఒక పే ఫోన్ ఉండేవి. న్యూయార్క్‌లో పదింటికి మార్కెట్ తెరిస్తే మాకు పొద్దున్న ఏడు. ఏడుంపావుకి అక్కడ కారు ఆపి బ్రోకర్‌కి ఫోన్ చేసేవాణ్ణి. ధరలు కనుక్కుని, కొనమనో అమ్మమనో చెప్పి, ఎనిమిదికల్లా ఆఫీసులో నా కుర్చీలో ఉండేవాణ్ణి. మధ్యాహ్నం ఒంటిగంటకి మార్కెట్ మూసేస్తారు కాబట్టి లంచ్‌లో మరోసారి ఫోన్. మా మేనేజర్ నాకు అజీర్తి అనుకునేవాడు, తినకుండా కాంటీన్ బయటే తిరుగుతుంటానని.

నేను పనిచేసింది చిప్‌లు తయారుచేసే కంపెనీలో. మా కంపెనీ షేర్ల జోలికి పోయేవాణ్ణి కాదు, చుట్టుపక్కల కంపెనీలవే కొనేవాణ్ణి. ఎవరికి ఆర్డర్లు ఎక్కువ వస్తున్నాయో తెలుసుకోవడానికి ఎవరి రహస్యాలూ అక్కర్లేదు. శనివారం పూట వాళ్ళ పార్కింగ్ లాట్ నిండి ఉందో ఖాళీగా ఉందో చూస్తే సరిపోయేది. కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి నాలుగు పార్కింగ్ లాట్‌లు చుట్టి వచ్చేవాణ్ణి. జేబులో ఒక అట్టముక్క మీద రెండు నియమాలు రాసి పెట్టుకున్నాను. పది శాతం పడితే ఆ రోజే అమ్మెయ్యాలి. ఏ షేరునీ రెండు వారాలకు మించి ఉంచుకోకూడదు. వీటిని నేను మడి కట్టుకున్నంత నిష్ఠగా పాటించాను. అందులో గొప్పేమీ లేదు. కాగితాలతో ఎవరైనా నిష్ఠగానే ఉండగలరు.

బంగారం సంగతి చెప్పింది ఆఫీసులో నా పక్క టేబుల్ అమెరికన్. షేర్లు పడే రోజుల్లో బంగారం లేస్తుంది, ఒక చేత్తో పోయింది రెండో చేత్తో వస్తుంది, కాబట్టి వచ్చిన లాభంలో మూడో వంతు బంగారంలో పెట్టు అనేవాడు. దాన్ని హెడ్జ్ అంటారని, బంగారం మరీ పెరిగిన రోజున దాన్ని అమ్మేసి ఆ డబ్బు అవసరానికి వాడుకోవాలని కాగితం మీద గీతలు గీసి చూపించాడు. బంగారం కొనమని చెప్పడానికి నాకు అమెరికన్ ఎందుకు? మా అమ్మమ్మ ఏ గీతలూ గియ్యకుండానే చెప్పేది. అమ్మే సంగతి ఒక్కటే ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మొత్తానికి లాభం వచ్చినప్పుడల్లా శాన్ హోజేలో ఒక నాణేల షాపుకి వెళ్ళి ఔన్సు బరువున్న బంగారు నాణెం ఒకటి కొనడం మొదలుపెట్టాను. 1979 చివరికి పన్నెండయ్యాయి. గుడ్డ సంచీలో కట్టి బ్యాంకు లాకర్లో పెట్టాం.

మా ఆవిడ ఇంకో చిప్‌ల కంపెనీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసేది. ఇండియాలో ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. ఇక్కడ దొరికింది మైక్రోస్కోప్‌లో చూస్తూ చిప్‌కీ దాని చుట్టూ ఉన్న కాళ్ళకీ బంగారు తీగ అతికించే పని. ఆ తీగ తలవెంట్రుక కంటే సన్నం. ఎనిమిది గంటలు చూస్తే సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. ఎవరైనా ఏం చేస్తున్నారని అడిగితే "రోజంతా బంగారం కుడతానండీ" అని నవ్వేది. మూడేళ్ళు నవ్వింది. ఆ తర్వాత శాన్ హోజే స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదవడానికి అప్లై చేసింది, సీటు వచ్చింది. ఫీజు పెద్ద సమస్య కాదు. ఆవిడ జీతం ఆగిపోతే అద్దె, కారు వాయిదా, ఇండియాకి పంపేది, ఇవన్నీ నా ఒక్కడి జీతంతో జరగవు. మొదటి ఏడాది గడిస్తే తర్వాత అక్కడే ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ ఇస్తామన్నారు. అంటే కావలసింది ఒక ఏడాది జీతం.

అప్పుడే రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు బంగారం లేచింది. జనవరిలో ఔన్సు ఎనిమిది వందల డాలర్లు దాటింది. ఆవిడ నెల జీతం అంతే. పన్నెండు నాణేలకి పన్నెండు నెలలు. ఇంత చక్కగా కుదిరిన లెక్క నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. పక్క టేబుల్ ఆయన చెప్పిన అవసరం ఇదే, ఆ రోజు కూడా ఇదే. క్లాసులు నెలాఖరున మొదలవుతాయి. సోమవారం రిజైన్ చెయ్యాలని ఆవిడ శుక్రవారం సాయంత్రమే లెటర్ టైప్ చేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. నేను లాకర్ నుంచి సంచీ తెచ్చాను. శనివారం పొద్దున్న ఒక్కణ్ణే డ్రైవ్ చేసుకుంటూ శాన్ హోజే వెళ్ళాను.

షాపు ముందు లైన్ పక్కనున్న డోనట్ల షాపు దాటి పార్కింగ్‌లోకి వచ్చింది. అందరూ అమ్మడానికి వచ్చినవాళ్ళే. వెండి చెంచాల పెట్టె ఒకరిది, టీ కెటిల్ ఒకరిది. నా ముందున్న ముసలాయన చేతిరుమాల్లో ఒక ఉంగరం, రెండు బంగారు పళ్ళు మూటగట్టుకుని వచ్చాడు. పళ్ళు వాళ్ళ నాన్నవట. నవ్వుతూ చెప్పాడు. ఎవరి మొహంలోనూ సిగ్గు లేదు. లాటరీ తగిలినవాళ్ళలా కబుర్లు చెప్పుకుంటున్నారు.

మా వైపు బంగారం అమ్మాలనుకున్నవాళ్ళు సొంత ఊళ్ళో కంసాలి దగ్గరికి వెళ్ళరు. తెల్లవారుజామున బస్సెక్కి పక్క ఊరు వెళ్తారు. తాకట్టు పెట్టడంలో తప్పులేదు, అది విడిపించుకునేది. అమ్ముకున్నారంటే మాత్రం ఆ ఇల్లు అయిపోయిందని అర్థం. నేను ఇంజినీరుని, పే ఫోన్లో రోజుకి రెండుసార్లు అమ్మకాలూ కొనుగోళ్ళూ చేసే మనిషిని, ఇవన్నీ ఎప్పుడో వదిలేశాననుకున్నాను. శాన్ హోజే నాకు పక్క ఊరు లాంటిదేనని అప్పుడు తట్టలేదు.

"ఏవోయ్, నువ్విక్కడ!" అన్న తెలుగు మాట వెనక నుంచి వినపడింది.

నాకంటే పన్నెండేళ్ళు పెద్దాయన. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో అందరికంటే ముందొచ్చినవాడు. మేం దిగిన రోజున ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆయన, మొదటి వారం అన్నం పెట్టింది ఆయన భార్య, నాకు కారు నేర్పింది ఆయన. రాకెట్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం. అందరం మాస్టారూ అని పిలిచేవాళ్ళం. ఎవరికి ఏ సలహా కావాలన్నా ఆయన ఇంటికే వెళ్ళేవాళ్ళం.

నా చెయ్యి జాకెట్ జేబులో సంచీ మీద ఉంది. "ఏం లేదు మాస్టారూ, రెండు నాణేలు కొందామని" అన్నాను. ఎందుకన్నానో ఆలోచించే వ్యవధి లేదు, నోరు దానంతటదే అనేసింది.

ఆయన మొహం ఒక్క క్షణం ఎలాగో అయ్యి, మళ్ళీ సర్దుకుంది. "నేనూ అందుకేనోయ్. ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంటాం" అన్నారు. ఆయన చెయ్యి కూడా కోటు జేబులోనే ఉంది. చలికేమో అనుకున్నాను.

గంటన్నర నిలబడ్డాం. మధ్యలో తప్పించుకునే దారి కోసం చూశాను. ఆయన వెళ్ళిపోతే బాగుండునని మొక్కుకున్నాను. ఆయన వెళ్ళలేదు. ఉగాదికి వెయ్యి దాటుతుందని, రూపాయి సంగతీ డాలర్ సంగతీ చెప్పుకుంటూ వచ్చారు. "బంగారం ఏనుగు లాంటిదోయ్, చచ్చినా బతికినా వెయ్యే" అన్నారు. ఇద్దరం నవ్వాం. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఆయన నా భుజం పక్కనే ఉన్నారు. షాపువాడు అలవాటుగా తక్కెడ ముందుకి జరిపి, ఏం తెచ్చావన్నట్టు చెయ్యి చాపాడు.

"కొనడానికి వచ్చాను" అన్నాను.

అతను ఒకసారి నావైపు, ఒకసారి పార్కింగ్‌లోకి సాగిన లైన్ వైపు చూశాడు. ఆ రోజు అతని దగ్గర కొన్నది మేమిద్దరమేనేమో. రెండన్నాను కాబట్టి రెండు కొన్నాను. ఆవిడ ఫీజు, పుస్తకాలు, ఒక నెల అద్దె కోసం విడిగా ఉంచిన అకౌంట్ నుంచి చెక్ రాశాను. మాస్టారు ఒక్కటే తీసుకున్నారు. ఇంట్లో చాలా ఉంది కదా, గుర్తుకి ఒకటి చాలన్నారు. సంతకం పెట్టేటప్పుడు ఆయన చాలా నెమ్మదిగా పెట్టారు. మనిషి నిదానం, అంతే అనుకున్నాను.

ఇంటికొచ్చి సంచీ భోజనాల బల్ల మీద పెట్టాను.

"అమ్మలేదా?" అంది మా ఆవిడ.

"లేదు."

"షాప్ క్లోజ్ చేశారా?"

"తెరిచే ఉంది."

ఆవిడ సంచీ అందుకుంది. చేతిలో కాస్త ఊపి చూసి, ముడి విప్పి, బల్ల మీద వరసగా పేర్చింది. పద్నాలుగు. ఇంక దాచడానికేమీ లేక జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే నాకూ గొంతు పెంచడానికి వీలుండేది.

"మాస్టారు చూస్తారని కొన్నారా?" అంది.

"అవును."

"చూస్తే ఏమయ్యేది?"

ఇప్పుడడిగినా చెప్పలేను. ఆవిడ నాణేలన్నీ తిరిగి సంచీలో వేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి లెటర్ తీసి వంటింటి సొరుగులో కూపన్ల కింద పెట్టింది. సోమవారం మామూలుగా పనికి వెళ్ళింది. నేను కూడా మామూలుగానే గ్యాస్ స్టేషన్ దగ్గర కారు ఆపి ఫోన్ చేశాను.

సోమవారమైనా అమ్మి ఉండవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. వెయ్యి దాటుతుందన్న మాట చెవిలో జోరీగలా మోగుతోంది. పైగా పొరపాటున కొన్న రెండూ లాభంలోకి వస్తే, నేను చేసింది పొరపాటు కాకుండా పోతుంది. మంగళవారం ధర పడటం మొదలైంది. వారం తిరిగేసరికి పది శాతం కాదు, ఇంకా ఎక్కువే పోయింది. అదే షేరయితే నా జేబులో అట్టముక్క ఊరుకునేది కాదు. బంగారం విషయంలో మాత్రం ఆ నియమం వర్తించదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మార్చి వచ్చేసరికి షేర్లు కూడా పడ్డాయి. ఒకటి పడితే ఒకటి లేస్తుందన్న మాట నమ్ముకున్నవాడికి రెండూ చేతులు పట్టుకుని దిగిపోతుంటే ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. పక్క టేబుల్ ఆయన్ని అడిగాను. తను జనవరిలోనే అమ్మేశానన్నాడు. "అమ్మడానికే కదా కొన్నాం" అన్నాడు, నేనేదో వింతగా అడిగినట్టు.

యూనివర్సిటీ వాళ్ళు సీటు ఆగస్టు దాకా ఉంచుతామన్నారు. జూలైలో ఆవిడ "నాణేలు అమ్మేద్దామండీ, వచ్చినంతకే" అంది. ఆరు వందల పైన ఉంది ధర. ఇంకొంచెం ఆగుదామన్నాను, ఎనిమిది వందలు మళ్ళీ రాకపోదన్నాను. ఆవిడ వాదించలేదు. రెండు రోజుల తర్వాత శనివారం పొద్దున్న పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు జతల గాజులు, చంద్రహారం ఒక టవల్‌లో చుట్టుకుని కారు తాళాలు తీసుకుంది.

"గాజులు అమ్ముకోవాల్సిన ఖర్మ మనకేం పట్టింది?" అన్నాను.

"నాణేలు మీవి. గాజులు నావి" అంది.

ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే వచ్చింది. షాపువాడు రాయి మీద గీసి, చుక్క యాసిడ్ వేసి, తూకం వేసి, పది నిమిషాల్లో చెక్ రాసిచ్చాడట. చంద్రహారం పనితనానికి ఒక్క సెంటు కూడా ఇవ్వలేదట. "కరిగించేదానికి పనితనం ఎందుకూ అన్నాడు. నిజమే కదా" అంది. ఆ ఆగస్టులో ఉద్యోగం మానేసి కాలేజీలో చేరింది. 1983లో డిగ్రీ పూర్తి చేసి, తను ఒకప్పుడు తీగలు అతికించిన కంపెనీలోనే ఇంజినీరుగా చేరింది. నా పద్నాలుగు నాణేలు 1985 దాకా లాకర్లో ఉన్నాయి. మూడు వందల చిల్లరకి అమ్మాను. ఆ రోజు షాపులో లైన్ లేదు.

ఆవిడ కాలేజీలో చేరిన ఏడాదే దీపావళికి తెలుగువాళ్ళందరం ఒక స్కూల్ కెఫెటీరియాలో కలిశాం. ఇంటికో వంటకం. ఆవిడ చేతులకి గాజు గాజులున్నాయి, ఎర్రవి, డజను డాలర్‌కి దొరికేవి. మాస్టారి భార్య పులిహోర వడ్డిస్తూ ఆగి, "చేతులు బోసిగా ఉన్నాయేంటి అమ్మాయ్, బంగారు గాజులేవీ?" అంది. చుట్టూ పదిమంది ఉన్నారు. లాకర్లో ఉన్నాయంటుందని నేను ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే ప్రార్థించాను.

"అమ్మేశానక్కయ్యగారూ. కాలేజీలో జాయిన్ అయ్యాను కదా, జీతం లేదు" అంది.

గరిటె గాల్లోనే ఉండిపోయింది. ఎవరో అయ్యో అన్నారు. ఒకాయన నావైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. భూమి చీలితే బాగుండునని కథల్లో రాస్తారు కదా, నాకైతే ఎమర్జెన్సీ డోర్ తెరుచుకుంటే చాలనిపించింది. మా ఆవిడ మాత్రం ఇంకాస్త పులిహోర పెట్టమని ప్లేటు చాపింది.

గిన్నెలు కారులోకి చేర్చేటప్పుడు మాస్టారి భార్య మా ఆవిడ పక్కకి వచ్చి నిలబడింది. నేను కారు వెనక ట్రంక్ మూస్తున్నాను. "నువ్వు గాజులమ్మిన షాపు శనివారాలు తెరిచే ఉంటుందా అమ్మాయ్?" అంది చాలా చిన్నగా. ఆ తర్వాత ఇంకా చిన్నగా, ఏడాది కిందటే మాస్టారి ఉద్యోగం పోయిందని, ఎవరికీ చెప్పొద్దన్నారని, ఇంటి వాయిదాలు మూడు ఆగిపోయాయని చెప్పింది. ఏడాది కిందట అంటే జనవరికి ముందే. నేను ట్రంక్ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాను.

"వచ్చే శనివారం నేను తీసుకెళ్తానక్కయ్యగారూ, మీరేం వర్రీ అవకండి" అంది మా ఆవిడ.

భార్య ఏం చెప్పి ఒప్పించిందో గానీ మాస్టారు కూడా బయల్దేరారు, నలుగురం మా కారులోనే వెళ్ళాం. మాస్టారి భార్య ఒళ్ళో చేతిసంచీ, అందులో పెళ్ళినాటి కాసులపేరు. షాపు ముందు కారు ఆపగానే ఆడవాళ్ళిద్దరూ దిగారు. మాస్టారు దిగలేదు. నేనూ దిగలేదు. షాపు అద్దంలోంచి కౌంటర్ దగ్గర మా ఆవిడ ఏదో చెప్పడం, షాపువాడు తల ఊపడం కనిపిస్తున్నాయి.

మాస్టారు ముందు సీట్లో నా పక్కన కూర్చుని ఉన్నారు. ఆ ఏడాదిలో ఆయన చొక్కా కాలర్ దగ్గర వదులైంది. షాపు తలుపు మీదినుంచి చూపు తిప్పకుండా, "జనవరిలో నేను ఇక్కడికి అమ్మడానికే వచ్చానోయ్" అన్నారు. "జేబులో మా ఆవిడ వంకీలున్నాయి. నువ్వు కొంటానన్నావు. నీ ముందు అమ్ముతానని చెప్పడానికి నోరు రాలేదు. ఉన్న డబ్బు పెట్టి నేనూ కొన్నాను. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు."

నేనూ అంతే మాస్టారూ అంటే చాలు. నాలుగు మాటలు కూడా కాదు, మూడు. అవి నోటి దాకా వచ్చాయి. అంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, ఆయన మనసులోంచి సగం బరువు దిగేది. అది నాకు అప్పుడే స్పష్టంగా తెలుసు.

"నువ్వు కొనడానికే వచ్చావు కదూ?" అన్నారు నావైపు తిరిగి.

"అవునండీ" అన్నాను.

ఆయన తల ఊపారు. "అంటే ఆ రోజు ఆ లైన్లో అబద్ధం ఆడింది నేనొక్కణ్ణేనన్నమాట" అన్నారు.

నేను స్టీరింగ్ వైపు చూస్తూ ఊఁ కొట్టాను.